ఎయిర్ షోలో కెమెరా ఎటు తిప్పుదాం?

(కామారెడ్డిలో స్త్రీల కోసం జరిగిన ఫొటోగ్రఫీ శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల సంఘాల కార్యకర్తలు ఇందులో పాల్గొన్నారు.)



రెండు రోజులుగా మీరు బీడీ కార్ఖానా దగ్గర, సంతలో, బస్టాండులో ఫొటోలు తీశారు. మూడో రోజు ఎయిర్ షో ఫొటోల గురించి మాట్లాడతానంటే కొందరికి నవ్వొచ్చింది. విమానాల బొమ్మలు మనకెందుకని ఒకరు అడిగారు కూడా. న్యాయమైన ప్రశ్నే. యుద్ధాన్ని వ్యతిరేకించే మనం యుద్ధ విమానాల అందం చూసి మురిసిపోవడమేమిటని అడిగినవాళ్లూ ఉన్నారు. అది ఇంకా కష్టమైన ప్రశ్న.

ముందు విషయంలోకి వెళ్దాం. 2024 డిసెంబర్ 8న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ మీద వైమానిక దళానికి చెందిన సూర్యకిరణ్ బృందం విన్యాసాలు చేసింది. రాష్ట్ర ప్రభుత్వం తన మొదటి ఏడాది పాలన పూర్తయిన సందర్భంగా జరిపిన ఉత్సవాల్లో అదొక భాగం. 1996లో ఏర్పడిన ఈ బృందానికి స్థావరం బీదర్. మన జిల్లా పడమటి కొస నుంచి బీదర్ ఎంతో దూరం లేదు. తొమ్మిది హాక్ విమానాలు, రెక్కకూ రెక్కకూ మధ్య ఐదు మీటర్లు కూడా ఎడం లేకుండా ఎగురుతాయి. నిజానికి హాక్ శిక్షణ విమానం. యుద్ధ విమానాలు నడపబోయేవాళ్లు దాని మీదే చేయి తిప్పుకుంటారు. ఆ రోజు నేనూ ట్యాంక్‌బండ్ మీద ఉన్నాను. ఒళ్లు గగుర్పొడిచిందని చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు. రాజ్యం తన బలాన్ని ఎంత అందంగా అలంకరించి చూపిస్తుందో తెలియాలంటే, ఆ అందం ముందు మనమూ ఒకసారి నిలబడాలి.

పెద్ద లెన్సులు పట్టుకున్న గుంపులో ఆడవాళ్లు ఎక్కడో ఒకరు కనిపించారు. మిగతా ఆడవాళ్లంతా ఫొటోలో ఉన్నవాళ్లే: పిల్లను ఎత్తుకుని, వెనక విమానాలు వచ్చేట్టు నిలబడి, భర్తో అన్నో ఫోను పట్టుకుంటే నవ్వుతున్నవాళ్లు. తీసేది మగవాడు, తీయబడేది ఆడమనిషి. పెళ్లి ఫొటోల నుంచి పత్రికల దాకా ఇదే వరస. మన దేశంలో తొలి మహిళా ఫొటో జర్నలిస్టు హోమై వ్యారవాలా (1913–2012) తీసిన మొదటి ఫొటోలు భర్త పేరు మీద అచ్చయ్యాయి!

చేతిలో పరికరం లేకపోవడం చిన్న సంగతి కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోన్ ఉన్న స్త్రీలు దేశంలో 54 శాతం. ఎల్లారెడ్డి నుంచి వచ్చిన అక్క నిన్న చెప్పింది: “ఫోను ఇంట్ల ఉంటది గని నాది గాదు అక్కా. పొద్దంత కొడుకు తాన, రాత్రి మా ఆయిన తాన. నేను జూసేది వాళ్లు జూసినంకనే.”

ఇప్పుడు కొంచెం పనితనం గురించి. ఇదేదో మగవాళ్లకే అబ్బే విద్య అనే భ్రమ పోవాలంటే అసలు మెలకువ తెలియాలి. జెట్ నిలకడగా పడాలంటే షట్టర్ సెకనులో వెయ్యో వంతు, అంతకన్నా తక్కువ కాలం తెరుచుకోవాలి. అదే లెక్క హెలికాప్టర్‌కు పెడితే పైరెక్కలు కదలక, దారానికి వేలాడదీసిన బొమ్మలా కనబడుతుంది. దానికి రెండు వందల యాభయ్యో వంతు దాకా దించి, అది వెళ్లే దిశలోనే నడుము నుంచి పైకి ఒళ్లంతా తిప్పుతూ తీయాలి. మణికట్టు తిప్పితే చెదిరిపోతుంది. ఆకాశం వెలుతురుకు కెమెరా మోసపోయి విమానాన్ని నల్లగా చూపిస్తుంది కాబట్టి వెలుగు కొంచెం పెంచుకోవాలి. ఒళ్లో చాట పెట్టుకుని, చూడకుండానే ఆకు చుట్టే వేళ్లకు ఇది ఎన్ని రోజుల పని?

అన్నిటికన్నా ముఖ్యం ఎక్కడ నిలబడతామన్నది. ట్యాంక్‌బండ్ మీద నుంచి సాగరం వైపు చూస్తే డిసెంబర్ సాయంత్రం నాలుగింటికి సూర్యుడు సరిగ్గా ఎదురుగా ఉంటాడు. విమానాలన్నీ నల్లటి నీడలే. అవతల నెక్లెస్ రోడ్డు వైపున్నవాళ్లకు ఎండ వీపు వెనక పడుతుంది. పెద్దవాళ్ల కుర్చీలు వేసిన చోటే మంచి ఫొటో వస్తుందని లేదు.

ఫోన్‌తో తీసేవాళ్లు జూమ్ జోలికి పోవద్దు. ఎంత లాగినా విమానం చుక్కే. వెడల్పుగా పెట్టి, పొగ గీతలతో పాటు కింద జనాన్ని, చెట్లను, మేడలను కలిపి తీయండి. నా దృష్టిలో అసలు ఫొటో అదే, ఎందుకంటే లాంగ్ లెన్సు మొదట కోసేసేది నేలనే.

ఆ నేల సంగతి చెబుతాను. 2010 మార్చి 3న బేగంపేటలో విమానయాన ప్రదర్శన జరుగుతుండగా నౌకాదళానికి చెందిన సాగర్ పవన్ బృందం విమానం ఒకటి న్యూ బోయినపల్లిలో ఇళ్ల మధ్య ఒక భవనం మీద కూలింది. ఇద్దరు పైలట్లూ చనిపోయారు, కింద ఉన్నవాళ్లు గాయపడ్డారు. ఇక్కణ్నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో తూప్రాన్ ఉంది కదా, ఆ మండలం రావెల్లి దగ్గర 2023 డిసెంబర్ 4న శిక్షణ విమానం కూలి ఇద్దరు మరణించారు. 2025 నవంబర్ 21న దుబాయ్ ఎయిర్ షోలో తేజస్ కూలి వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్ చనిపోయినప్పుడు, ఆ వీడియో గంటల్లో మన ఊళ్లకు చేరింది. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న ఊళ్లు కదా మనవి. ప్రమాదాన్ని నలుగురికీ పంచే వేగం మనకు కొత్త జబ్బు. దాన్ని ఫొటోగ్రఫీ అనలేను.

విమానం కూలకపోయినా జనం చనిపోవచ్చు. 2024 అక్టోబర్ 6న చెన్నై మెరీనా తీరంలో వైమానిక ప్రదర్శన చూడటానికి లక్షల మంది వచ్చారు. ఎండ, తొక్కిడి, తాగునీటి కొరత, తిరిగి వెళ్లడానికి చాలని రైళ్లు, బస్సులు. ఐదుగురు ప్రాణాలు పోయాయి. ఆ రోజు ఆకాశం ఫొటోలు వేలకు వేలు వచ్చాయి. నీళ్ల కోసం నిలబడ్డ ఆడవాళ్ల ఫొటోలు, మరుగుదొడ్డి వెతుక్కున్నవాళ్ల గోడు ఎన్ని చూశాం? హక్కుల కార్యకర్తలుగా మన కెమెరా తిరగాల్సిన వైపు అది.

ఇక విమానంలో కూర్చున్న ఆడవాళ్ల ఫొటో. 2016 జూన్ 18న దుండిగల్ అకాడమీలో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ తొలి మహిళా ఫైటర్ పైలట్ల శిక్షణకు ఎంపికై కమిషన్ పొందారు. ఆ ఫొటో నాకూ ఇష్టమే. కాని అదే వైమానిక దళంలో పర్మనెంట్ కమిషన్ కోసం మహిళా అధికారులు కోర్టుకెక్కాల్సి వచ్చింది. 2010 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాళ్లకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ఆ ఫైళ్లకు ఫొటో ఉండదు. 2025 మేలో సైనిక చర్యకు సిందూరమని పేరు పెట్టి, దాని వివరాలు చెప్పడానికి ఇద్దరు మహిళా అధికారులను కెమెరాల ముందు నిలబెట్టారు. వాళ్ల సామర్థ్యం గురించి నాకు సందేహం లేదు. నేను అడిగేదల్లా ఆ ఫొటో ఎవరి కోసం తయారైందన్నదే. మన పసుపు కుంకాలు యుద్ధానికి పేరయ్యేటప్పుడు మనల్నెవరూ అడగలేదు.

చట్టం సంగతి తెలియకుండా మాత్రం కెమెరా ఎత్తవద్దు. ట్యాంక్‌బండ్ మీద రమ్మని పిలిచి మరీ చూపించిన విమానాన్నే హకీంపేట గోడ పక్కన నిలబడి తీస్తే కథ వేరు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా ఉంది. దాని మూడో సెక్షన్ ప్రకారం, ఫలానా పని చేశారని రుజువు కాకపోయినా, సందర్భాన్ని బట్టి, ప్రవర్తనను బట్టి, ‘తెలిసిన స్వభావాన్ని’ బట్టి దురుద్దేశం ఉందని తేల్చవచ్చు. స్వభావం ఎవరిది, తెలిసింది ఎవరికి? గోడ పక్కన కెమెరాతో నేను నిలబడితే ఒక రకంగా, బాన్సువాడ నుంచి బురఖా వేసుకుని వచ్చిన చెల్లెలు నిలబడితే ఇంకో రకంగా చూస్తారని మనకు తెలుసు. అందుకే ప్రదర్శనలకు వెళ్లేటప్పుడు అనుమతించిన చోటే తీయండి, గుంపుగా వెళ్లండి, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. ఎవరినైనా ఆపి ప్రశ్నిస్తే మిగిలినవాళ్లు అక్కణ్నుంచి కదలవద్దు.

వెళ్లడం గురించి ఒక్క మాట. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్టు లేదు. హైదరాబాద్ వెళ్లడానికి చేతిలో డబ్బు లేదన్న అడ్డు కొంత తొలగింది. తిరిగొచ్చేసరికి రాత్రవుతుంది కాబట్టి, కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి చివరి బస్సు ఎప్పుడో ముందే కనుక్కుని, అందకపోతే ఇక్కడ ఎవరింట్లో పడుకోవాలో అనుకుని బయల్దేరండి. ఇంట్లో ఏమంటారన్నది మీకు నాకన్నా బాగా తెలుసు.

భోజనాలయ్యాక హైవే దగ్గరికి నడుద్దాం. విమానం ఇక్కడ దొరకదు కాని, వేగంగా పోయే ఎక్స్‌ప్రెస్ బస్సు దొరుకుతుంది. సెకనులో అరవయ్యో వంతు పెట్టి, నడుము తిప్పుతూ తీయండి. మొదటి ఇరవై చెదురుతాయి. కిటికీ పక్కన కూర్చున్న మనిషి ముఖం స్పష్టంగా పడేదాకా తీద్దాం. రోడ్డుకు దూరంగా నిలబడండి.