మాట్లాడే యంత్రాలు, తెల్లకర్ర ప్రయాణాలు



మన దేశంలో చూపుకు సంబంధించిన వైకల్యం గలవారు యాభై లక్షలకు పైగా ఉన్నట్లు 2011 జనాభా లెక్కలు తెలుపుతున్నాయి. వీరి ప్రస్తావన వచ్చినప్పుడు, వీరికి సమాజం చేయవలసిన సహాయాన్ని గురించి మాట్లాడుకోవడమే ఆనవాయితీ. అయితే వీరిలో కొందరు సహాయం అందించేవారుగా ఉన్నారనీ, ఆ పని మీద ఊరూరా, రాష్ట్రం నుంచి రాష్ట్రానికి ఒంటరిగా ప్రయాణం చేస్తున్నారనీ చాలామందికి తెలియదు. కంప్యూటరునూ, సెల్‌ఫోనునూ చూపులేనివారి స్వాధీనంలోకి తేవడం వీరి వృత్తి. ఈ వృత్తికి స్థిరమైన తెలుగు పేరు ఇంకా ఏర్పడలేదు. కార్యాలయ పత్రాలలో ‘సహాయక సాంకేతిక నిపుణుడు’ అని వ్రాస్తారు. శిక్షణ పొందే పిల్లలు మాత్రం ‘కంప్యూటరు సారు’ అంటారు. రెండవదే బాగున్నది.

తెరమీది అక్షరాన్ని కృత్రిమ స్వరంతో చదివి వినిపించే సాఫ్ట్‌వేరును స్క్రీన్ రీడర్ అంటారు. దీనికి మౌసుతో పని లేదు. కీబోర్డు మీద వేళ్లు, చెవిలో స్వరం ఉంటే చాలు. అలవాటుపడిన శ్రోత ఆ స్వరాన్ని ఎంత వేగంగా వింటారంటే, పక్కనున్న వారికి అది భాషగానే తోచదు. రైలులో ఎదుటి సీటువారు ‘అదేం భాషండీ?’ అని అడగడం, ‘తెలుగేనండీ’ అన్న సమాధానం విని ఆశ్చర్యపోవడం ఈ నిపుణులకు పరిపాటి.

ఈ పరికరాల చరిత్రలో గమనించదగిన విషయమొకటి ఉన్నది. వీటిలో ముఖ్యమైనవాటిని రూపొందించినవారు స్వయంగా అంధులే. 1978లో కారు ప్రమాదంలో చూపు కోల్పోయిన మోటారు సైకిలు పందేల క్రీడాకారుడు టెడ్ హెంటర్ అమెరికాలో స్థాపించిన సంస్థ నుంచే ‘జాస్’ అనే స్క్రీన్ రీడర్ 1989లో వెలువడింది. అది సమర్థమైనదే కాని, దాని వెల మన దేశంలోని సామాన్య విద్యార్థికి అందేది కాదు. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే అంధ యువకుడు ‘ఎన్‌విడిఏ’ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌కు శ్రీకారం చుట్టాడు. అంధుడే అయిన అతని మిత్రుడు జేమ్స్ టే అతనితో చేయి కలిపాడు. ఈనాడు మన పాఠశాలల్లో, శిక్షణ కేంద్రాలలో విరివిగా వినిపించేది ఈ ఉచిత యంత్రస్వరమే. పూణేలో పుట్టి, పద్నాలుగవ ఏట గ్లాకోమా వలన చూపు కోల్పోయిన టి. వి. రామన్ బొంబాయి ఐ.ఐ.టి.లో చదివి, 1994లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. గణిత సమీకరణాలను చెవికి అర్థమయ్యేట్లు వినిపించే పద్ధతి ఆయన పరిశోధన విషయం. ఆ పద్ధతికి ఆయన పెట్టిన ‘ఆస్టర్’ అనే పేరు, ఆయనకు దారి చూపిన శునకం పేరే!

దారి చూపే శునకాలు మన దేశంలో అరుదు. మన వీధుల్లోని కుక్కలు వాటిని నడవనివ్వవన్నది ఒక కారణం. అందుచేత ఇక్కడి నిపుణునికి ప్రయాణంలో తోడు తెల్లకర్రే. నేలమీద అటూ ఇటూ ఆడించే ఆ కర్ర గుంతనూ, మెట్టునూ పసిగడుతుంది కాని, ముఖానికి తగిలే చెట్టు కొమ్మనూ, నిలిపి ఉన్న లారీ వెనుక భాగాన్నీ పసిగట్టలేదు. ఈ లోపం తీర్చడానికి ఢిల్లీ ఐ.ఐ.టి.వారు రూపొందించిన ‘స్మార్ట్‌కేన్’ 2014లో వాడుకలోకి వచ్చింది. కర్ర పిడికి అమర్చిన ఈ పరికరం మనిషి చెవికి అందని ధ్వనితరంగాలను పంపి, మోకాలి నుంచి తల ఎత్తు వరకు ఎదురయ్యే అడ్డంకులను చేతిలో కంపనం ద్వారా తెలుపుతుంది.

జపానులో ఇంతకంటె చిత్రమైన ప్రయత్నం జరిగింది. చియెకో అసకావా అనే శాస్త్రవేత్త బాల్యంలో ఈతకొలనులో తగిలిన దెబ్బ కారణంగా పద్నాలుగవ ఏటికి పూర్తిగా చూపు కోల్పోయారు. ఐ.బి.ఎం. సంస్థలో పనిచేస్తూ, ఇంటర్నెట్ పుటలను చదివి వినిపించే ‘హోమ్ పేజ్ రీడర్’ను 1997లో వెలువరించారు. 2021 నుంచి టోక్యోలోని మిరైకాన్ విజ్ఞాన ప్రదర్శనశాలకు ఆమె అధిపతి. ఉద్యోగరీత్యా తరచు విదేశాలకు వెళ్లే ఆమెకు ఒక చేతిలో కర్ర, మరొక చేతిలో చక్రాల పెట్టె తప్పవు. పెట్టెను వెనుక ఈడ్చుకొని పోయే బదులు ముందుకు నెట్టుకుంటూ నడిస్తే, మనిషి కంటె ముందు అదే గోడకు తగిలి జాగ్రత్త చెబుతుంది. ఈ అనుభవం నుంచే, కెమెరాలూ మోటారూ అమర్చి దారి చూపే పెట్టెను తయారుచేయాలన్న ఆలోచన పుట్టింది. విమానాశ్రయాలలో, ప్రదర్శనశాలలలో అటువంటి పెట్టెలను పరీక్షించి చూశారు కూడా.

మన దేశంలో ప్రయాణం ఇంకా మనుషుల సాయం మీదనే సాగుతున్నది. అది లోపమని అనడానికి లేదు. ప్లాట్‌ఫారం మీద నిలబడితే ‘ఏ బండి బాబూ?’ అని అడిగేవారికి కొదవ లేదు. చిక్కల్లా సాయం చేసే తీరులోనే ఉన్నది. చేయి పట్టి ముందుకు లాగడం, వెనుక నుంచి భుజాలు పట్టి నెట్టడం మనవారికి అలవాటు. చూపులేనివారు సహాయకుని మోచేతిని తామే పట్టుకొని, అరడుగు వెనుకగా నడవడం సరైన పద్ధతి. అప్పుడు మెట్టు వస్తే ఎదుటివారి శరీరం కదలికే ఆ సంగతి చెబుతుంది. శిక్షణ తరగతులలో కంప్యూటరు పాఠానికి ముందు, అక్కడి సిబ్బందికి ఈ చిన్న పాఠం చెప్పే నిపుణులు ఉన్నారు.

విమానాశ్రయంలో మరొక తమాషా. చూపులేని ప్రయాణికుడు కనిపించగానే చక్రాల కుర్చీ తెచ్చి నిలబెడతారు. కాళ్లకేమీ లోపం లేదని చెప్పినా, నియమం అంటారు. తనిఖీ వద్ద తెల్లకర్రను ఎక్స్‌రే యంత్రంలోకి పంపి, ఆ మనిషిని మాత్రం ‘ముందుకు రండి’ అంటారు. ఎటు ముందుకో చెప్పరు.

రైలే నయం. స్టేషను పేరు బోర్డు కనిపించకపోయినా ఊరు వినిపిస్తుంది. అమ్మకందారుల కేకల యాస మారుతుంది, ప్రకటనల భాష మారుతుంది, పలహారాల వాసన మారుతుంది. రాజమహేంద్రవరం వద్ద బండి గోదావరి వంతెన మీదికి రాగానే చక్రాల మ్రోత మారిపోతుంది. కిటికీల వద్ద కాసులు విసిరేవారి సందడి మొదలవుతుంది. ఆ మాత్రం ఆనవాలు చాలు. ప్లాట్‌ఫారాల మీద పసుపుపచ్చని గరుకు పలకలు పరచడం ఇప్పుడు పెక్కు స్టేషన్లలో చూస్తున్నాము. వీటిని జపానులోని సెయిచి మియాకే రూపొందించగా, 1967లో ఒకయామా నగరంలో మొదటిసారి పరిచారు. గీతల పలక ‘నడువు’ అంటుంది, చుక్కల పలక ‘ఆగు’ అంటుంది. మనవద్ద ఆ పలకల మీదనే సామాను పేర్చడం, గీతల పలకలు నేరుగా స్తంభానికి దారితీయడం కూడా కద్దు. అందానికి వేసినవని అనుకొనేవారు ఉన్నంతకాలం ఈ అవస్థ తప్పదు.

దేశాటనం చేసే అంధ నిపుణునికి భాషల వైవిధ్యం అడ్డంకి కావాలి. కాని అతని వేళ్లకు అది అంత అడ్డు కాదు. దీని వెనుక ఒక చరిత్ర ఉన్నది. స్వాతంత్ర్యానికి పూర్వం మన దేశంలో ఒకదానితో ఒకటి పొసగని పలు బ్రెయిల్ పద్ధతులు ఉండేవి. ఒక ప్రాంతపు పుస్తకం మరొక ప్రాంతపు అంధ విద్యార్థికి పనికివచ్చేది కాదు. 1951లో వీటి స్థానే ‘భారతి బ్రెయిల్’ అనే ఏకరూప పద్ధతి అంగీకారం పొందింది. కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖలో అధికారిగా పనిచేసిన లాల్ అద్వానీ, స్వయంగా అంధులు, ఈ కృషిలో ప్రముఖ పాత్ర వహించారు. అదే సంవత్సరం డెహ్రాడూన్‌లో కేంద్ర బ్రెయిల్ ముద్రణాలయం ఏర్పడింది.

ఈ పద్ధతిలో ఆధారం లిపి కాదు, ఉచ్చారణ. ఆరు చుక్కల గడిలో మొదటి చుక్క ఒక్కటే ఉంటే అది ‘అ’. తెలుగులో అదే, బెంగాలీలో అదే, గుజరాతీలో అదే. ఒకటి, మూడు చుక్కలు కలిస్తే ‘క’. అక్కడక్కడ కొద్ది భేదాలు ఉన్నప్పటికీ, తెలుగు బ్రెయిల్ నేర్చినవారు గువాహటిలో అస్సామీ పుస్తకం మీద వేళ్లు నడిపితే పైకి చదవగలరు. అర్థం తెలియకపోవచ్చు గాని అక్షరం తెలుస్తుంది. కన్నులున్న తెలుగువానికి అస్సామీ లిపి ఎదుట ఈ సౌలభ్యం లేదు. కుడి నుంచి ఎడమకు వ్రాసే ఉర్దూ సైతం బ్రెయిల్‌లో ఎడమ నుంచి కుడికే సాగుతుంది. ఉత్తరాది బడిలో పాఠం చెప్పడానికి వెళ్లిన తెలుగు శిక్షకుడు, హిందీ బ్రెయిల్ పుటను తడిమి విద్యార్థి తప్పు దిద్దగలగడం ఈ ఏకరూపత చలవే.

అయినా బ్రెయిల్ ఎందుకు, ఫోనే అంతా చదివి పెడుతున్నది కదా అని వాదించే యువకులు ఇప్పుడు బయలుదేరారు. వారి మాటను తేలికగా త్రోసిపుచ్చలేము. బ్రెయిల్ పుస్తకం బరువు, ఖర్చు అందరికీ తెలిసినవే. కాని చెవితో మాత్రమే చదువుకొన్న విద్యార్థి వ్రాతలో ‘ళ’కు ‘ల’, ‘ణ’కు ‘న’, ‘ష’కు ‘శ’ దొర్లడం శిక్షకులు నిత్యం చూస్తున్నదే. యంత్రస్వరం మాటను వినిపిస్తుంది, వర్ణక్రమాన్ని చూపదు. వేలి కింద అక్షరాన్ని ఎరగనివాడు చదువుకొన్నవాడు అనిపించుకోవడం కష్టం. కంప్యూటరుకు జోడించే బ్రెయిల్ ఫలకం ఈ రెంటినీ కలుపుతుంది. దానిలో సన్నని సూదులు విద్యుత్తుతో పైకి లేచి, దిగి, తెరమీది వాక్యాన్ని చుక్కలుగా మారుస్తాయి. వెల మాత్రం ఇంకా భారమే.

తెలుగు ప్రాంతాలకు వచ్చేసరికి ఈ నిపుణులకు అన్నింటికంటె పెద్ద తలనొప్పి ఫాంట్లు. యూనికోడ్ అనే అంతర్జాతీయ ప్రమాణంలో తెలుగు అక్షరాలకు 1991లోనే చోటు దక్కింది. ఆ ప్రమాణంలో ‘ర’కు ఒక సంఖ్య, ‘ఐ’కారానికి ఒక సంఖ్య ఉంటాయి; స్క్రీన్ రీడర్ చదివేది ఆ సంఖ్యలనే గాని ఆకారాన్ని కాదు. ముద్రణాలయాలలో అంతకు భిన్నమైన ఫాంట్లు ఇంకా వాడుకలో ఉన్నాయి. వాటిలో ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల మీద తెలుగు ఆకారాల ముసుగు వేసి ఉంటుంది. కంటికి ‘రైతు’ అని కనిపించిన చోట యంత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలనూ, విరామ చిహ్నాలనూ వల్లిస్తుంది. ఇక ఉత్తర్వును ముద్రించి, సంతకం చేసి, తిరిగి ఫొటో తీసి కంప్యూటరులో ఉంచితే యంత్రానికి అది బొమ్మ మాత్రమే, మౌనం వహిస్తుంది. బొమ్మ నుంచి అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేరు తెలుగులోనూ మెరుగైంది గాని, ఒత్తులూ వెలిసిన సిరా కలిసినచోట తడబడుతుంది.

పింఛను ఉత్తర్వు కావచ్చు, ఉద్యోగ ప్రకటన కావచ్చు, చదవడానికి మరొకరిని బతిమాలవలసిన దుస్థితి చూపులేని ఉద్యోగికి ఈ ఒక్క కారణం చేత దాపురిస్తున్నది. నిపుణుడు ఏ కార్యాలయానికి వెళ్లినా కోరేది ఒకటే: సంతకం ఉన్న ప్రతితోపాటు, యూనికోడ్‌లో టైపు చేసిన మూలాన్ని కూడా జతపరచండి. దీనికి వేరే పద్దు అక్కరలేదు. గుమాస్తా వద్ద ఆ మూలం ఉండనే ఉన్నది.

చట్టం వెనుకబడి లేదు. అంధులకు అనువైన రూపంలో పుస్తకాలను తయారుచేసుకొనే హక్కు కల్పించే మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో ధ్రువీకరించిన మొదటి దేశం భారతదేశం. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. ఆ ఏడే ‘సుగమ్య పుస్తకాలయ’ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ప్రారంభమైంది. ఐనప్పటికీ అదే ఏడు నవంబరు తరువాత వచ్చిన కొత్త నోట్ల పరిమాణాలు మారడంతో, వేళ్ల కొలతతో నోటును గుర్తుపట్టే అలవాటు చెడింది. నోటు విలువను చెప్పే ఫోను సాధనాన్ని 2020లో రిజర్వు బ్యాంకు విడుదల చేసింది. ఆటో దిగి, వెనుక వాహనాలు హారను మోగిస్తుండగా ఫోను తీసి నోటుకు ఫొటో పట్టడం ఎంత వీలైన పనో ఊహించుకోవచ్చు. అనుభవజ్ఞులు ఉదయమే నోట్లను విలువనుబట్టి వేరువేరుగా మడిచి జేబులో పెట్టుకొంటారు.

బ్యాంకు ఖాతాకు గుర్తింపు ధ్రువీకరణ మరొక గండం. ఫోను కెమెరా ఎదుట ముఖాన్ని గీసిన వలయంలో ఉంచి కనురెప్పలు ఆర్పమంటుంది యంత్రం. వలయం ఎక్కడున్నదో చెప్పదు. రెప్పలు ఆర్పలేని కన్నులూ ఉంటాయని ఎరగదు. దీనిపై దాఖలైన వ్యాజ్యాలలో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పింది. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండడం రాజ్యాంగపు 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని ప్రకటించి, రెప్పలు ఆర్పడం ఒక్కటే గాక ఇతర మార్గాలు కూడా ఉండాలని ఆదేశించింది.

తీర్పు బ్యాంకు కౌంటరు దాకా నడిచి రావడానికి మనుషులు కావాలి. సంచీలో కంప్యూటరు, మడత తెల్లకర్ర, రెండు జతల ఇయర్‌ఫోన్లతో జిల్లాలు తిరిగే ఈ నిపుణుల పని అక్కడే ఉన్నది. వారానికో పది రోజులకో ఒక శిక్షణ ముగుస్తుంది. మొదటిరోజు ఫోనును తాకడానికే జంకిన మనిషి, చివరిరోజు తన పింఛను జమ అయిన సందేశాన్ని తానే తెరిచి వింటాడు. నెలనెలా ఆ అంకెను పక్కింటివారి నోట విన్నవాడు, ఇప్పుడు దానిని రెండుసార్లు, మూడుసార్లు వినిపించుకొంటాడు. శిక్షకుడు తొందరపెట్టడు. రాత్రి బండికి ఇంకా వ్యవధి ఉంటుంది.