“గుర్తింపబడనిది” అను మాట
(వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ఉపన్యాసము)



కొలది దినముల క్రిందట ఏడవ తరగతి బాలుడొకడు మా వద్దకు వచ్చి, “అయ్యవారూ, ఎగిరే పళ్ళాలు ఉన్నాయని అమెరికా ప్రభుత్వమే ఒప్పుకొందంట, నిజమేనా?” అని యడిగెను. మేము నవ్వి, పోయి లెక్కలు చేసికొమ్మంటిమి. అట్లు పంపివేయుట తప్పని ఆ రాత్రియే తోచినది. అందుచేత నేడు ఆ బాలుని ప్రశ్ననే మీ యెదుట నుంచుచున్నాము.

2021 జూన్ 25వ తేదీన ఆ దేశపు జాతీయ గూఢచార విభాగాధిపతి కార్యాలయము తొమ్మిది పుటల నివేదిక నొకదానిని వెలువరించినది. 2004 మొదలు 2021 వరకు వచ్చిన 144 సమాచారములను పరిశీలించి, ఒక్కదానిని మాత్రమే నిశ్చయముగా పోల్చుకొనగలిగిరి. అది గాలి తగ్గుచున్న పెద్ద బెలూను! తక్కిన 143 ఏమో చెప్పుటకు చాలినంత ఆధారము లేదనిరి. కొందరు దీనిని చదివి, “143 అన్యలోక విమానములు వచ్చినవి” అని చాటిరి. నివేదికలో ఆ మాట లేదు. చీకటిలో దూరమున వచ్చువానిని మనము “ఎవరో” అందుము. ఎవరో యనుట దయ్యమనుట కాదు గదా! “గుర్తింపబడనిది” అను మాట వస్తువును గూర్చి చెప్పదు. చూచినవాని యెరుకను గూర్చి చెప్పును.

2024 మార్చిలో ఆ దేశపు రక్షణశాఖ మరియొక నివేదికలో, అన్యలోకపు పరిజ్ఞానమునకు సాక్ష్యమేదియు కనబడలేదనెను. “కనబడలేదు” అనుట వేరు, “లేదు” అనుట వేరు.

అయినను జనులు నమ్మకపోవుటకు కారణము లేకపోలేదు. 1947 జూలై 8వ తేదీన న్యూమెక్సికో రాష్ట్రమందలి రాస్వెల్ సైనిక స్థావరమువారు “ఎగురు పళ్ళెము” దొరికినదని ప్రకటించిరి. వెంటనే పై యధికారులు, అది వాతావరణ పరిశోధనకై పంపిన బెలూనే యనిరి. 47 ఏండ్ల తరువాత, 1994లో, వైమానిక దళము అసలు సంగతి బయటపెట్టినది: సోవియట్ దేశపు అణు పరీక్షలను దూరమునుండి పసిగట్టుటకై పంపిన మొగల్ ప్రణాళిక బెలూన్ల శిథిలములై యుండవలెనట. అనగా ప్రభుత్వము దాచిన మాట నిజమే. దాచినది మాత్రము జనులు ఊహించినది కాదు.

ఇతరులను తప్పుపట్టుటకు మనకు మొగము చాలదు. మన పాఠశాలకు తెలుగు ఉపాధ్యాయుని పోస్టు కావలెనని ఒక కార్యాలయమునకు అర్జీ పెట్టుకొన్నప్పుడు “పరిశీలనలో నున్నది” అని జవాబు వచ్చినది. మంజూరైనదనుకొని సంఘమువారు మిఠాయిలు పంచిరి, మేమును తింటిమి. మరల అర్జీ పెట్టక రెండేండ్లు కూర్చుంటిమి. పోస్టు రాలేదు. ఆ రెండేండ్లు ఛందస్సు చెప్పువారు లేక పై తరగతి పిల్లలు ఎంత యిబ్బంది పడిరో వారి తలిదండ్రులు ఈ సభలోనే యున్నారు.

మరునాడు ఆ బాలుని పిలిపించి, నివేదికలోని ముఖ్యాంశములను తెలుగులో వ్రాసి యిచ్చితిమి. వాడు రెండుమారులు చదివి, “అయితే ఆ 143 ఏమిటండీ?” అనెను.

మాకును తెలియదంటిమి. ఈసారి నవ్వలేదు.