ఎపిసోడ్ 23: క్రాఫ్ట్ బీర్ తాగిన నాలుకతో ఆత్మకూర్ కల్లు

ముందే చెప్తున్న, 21 ఏళ్లు నిండని తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ ఎపిసోడ్ ఇక్కడే ఆపేయండి. మిగతావాళ్లకు కూడా తాగమని చెప్పే వీడియో కాదిది.

పోయినసారి హైదరాబాద్‌లో ఐదు రకాల క్రాఫ్ట్ బీర్లు పక్కపక్కన పెట్టి రుచి చూసినం గుర్తుందా? అందులో గోధుమ బీరు, హెఫెవైజెన్, అరటిపండు వాసన వస్తదని నేను తెగ మురిసిపోయిన. ఆ వాసన వేసేది అరటిపండు కాదు, ఈస్ట్ తయారు చేసే ఐసోఅమైల్ ఎసిటేట్ అని పెద్ద క్లాస్ కూడా పీకిన. ఆ వీడియో చూసి మా మామ ఆత్మకూర్ నుంచి ఫోన్ చేసిండు. "అల్లుడా, పుల్లటి బీరుకు గ్లాసుకు నాలుగు వందలు పెట్టినవట గదా. పులిసిందే కావాల్నంటే మనూరికి రా, ఈతచెట్టు కింద కూసుంటే గంట గంటకు ఒక రుచి చూపిస్త" అన్నడు. నాకు నవ్వొచ్చింది, కానీ పాయింట్ కరెక్టే.

తెలంగాణలో మైక్రోబ్రూవరీలకు రూల్స్ వచ్చింది 2015లో. అంటే మనకు క్రాఫ్ట్ బీర్ వయసు అంతే. గీసిన చెట్టు కిందనే, గీసినాయన చేతుల మీదుగా, ఏ పూటది ఆ పూట తాగే కల్లు ఎన్ని తరాల నుంచి ఉన్నదో ఎవరు చెప్తరు? అందుకే ఫిబ్రవరి చివర్ల, ఈత, తాడు రెండూ దొరికే టైంల, ఆత్మకూర్ పోయిన. వనపర్తి జిల్లా ఆత్మకూర్, పాత మహబూబ్‌నగర్. ఒకప్పుడు అమరచింత సంస్థానానికి రాజధాని. జూరాల డ్యామ్ పక్కనే. (ఆత్మకూర్‌లు చాలా ఉన్నయి, మాది ఇది.)

పొద్దున ఐదున్నరకే గౌడ్ కాక దగ్గర నిలబడ్డ. నా బ్యాగుల పీహెచ్ స్ట్రిప్పులు, థర్మామీటరు. కాక వాటిని చూసి, "నువ్వు కల్లు తాగనీకొచ్చినవా, రక్త పరీక్ష చేయనీకొచ్చినవా బిడ్డా?" అన్నడు.

మొదటిది, తెల్లారుజామున దించిన ఈత కల్లు. ఈత చెట్టును గెల దగ్గర కాదు, మొద్దుకే పైన చెక్కుతరు. ఒక ఏడు ఒకవైపు చెక్కితే ఇంకో ఏడు రెండో వైపు. అందుకే ముసలి ఈతచెట్టు ఒళ్లంతా మెట్లుమెట్లుగా వంకర ఉంటది. మోదుగాకు దొప్పల పోసిచ్చిండు. తియ్యగ, చల్లగ, కొంచెం మట్టి వాసన. స్ట్రిప్ 6 దగ్గర చూపించింది. బీరు భాషల చెప్పాల్నంటే బాడీ లైట్, నురగ తక్కువ, చేదు అసలే లేదు. చేదు ఎందుకు లేదంటే బీరుకు చేదు ఇచ్చేది హాప్స్ పువ్వు, ఇక్కడ చెట్టు రసం తప్ప ఇంకోటి లేదు.

రెండోది తాటి కల్లు, పోద్దాడుది. పోద్దాడు అంటే మగ తాడు. దీంట్ల చెట్టును చెక్కరు, గెలలను సన్నగ కోసుకుంట పోతరు. కోసిన ప్రతిసారి రసం ఊరుతది. ఇది ఈత కంటే చిక్కగ, వాసన ఘాటుగ ఉంది. నాకు నచ్చింది ఈతే. కాక మాత్రం, "ఈత కల్లు పిల్లల తాగుడు" అని తీసిపారేసిండు.

ఇప్పుడు అసలు సంగతి. కల్లుకు ఈస్ట్ ఎవరూ వేయరు. గాలిల ఉంటది, చెట్టు మీద ఉంటది, అన్నిటికన్న ఎక్కువ లొట్టి లోపలి గోడకే పట్టుకొని ఉంటది. నిన్నటి లొట్టి ఇవ్వాళటి రసానికి తోడు అన్నట్టు, పాలకు పెరుగు తోడేసినట్టే. లొట్టికి సున్నం పూసి కడితే పులవదు, అది నీరా. రసం ఊరుడు మొదలైన నిమిషం నుంచి ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్ చేస్తుంటది, బ్యాక్టీరియా పులుపు చేస్తుంటది. మామూలుగా 4, 5 శాతం ఆల్కహాల్ దాకా పోతది, అంటే మన లైట్ బీరు అంత.

ప్రపంచంలో దీనికి దగ్గరి చుట్టం ఏదంటే, బెల్జియంలో బ్రస్సెల్స్ చుట్టుపక్కల చేసే లాంబిక్ బీరు. వాళ్లు కూడా ఈస్ట్ వేయరు. ఉడికిన గింజల రసాన్ని వెడల్పాటి తొట్టిల రాత్రంతా తెరిచి పెడితే గాలిల ఉన్నదే వచ్చి పడతది. చలికాలమే చేస్తరు, మన ఈత సీజన్ లెక్కనే. తేడా ఏందంటే వాళ్లు దాన్ని చెక్క పీపాల్లో ఒకటి నుంచి మూడేళ్లు పెడతరు, మనది సాయంత్రానికే ముసలిదైపోతది.

అది కూడా చూసినం. పొద్దటి ఈత కల్లునే ఒక ముంతల పక్కన పెట్టిన. పదకొండింటికి నురగ పొంగి, గ్యాస్ పట్టి, సోడా లెక్క నాలుకను పొడిచింది. నా మార్కులన్నీ దానికే, తీపి, పులుపు సమానంగ ఉన్న గంట అది. సాయంత్రం ఐదింటికి స్ట్రిప్ 4కు దిగింది. పులుపు పండ్లకు తగిలింది, వెనక నుంచి వెనిగర్ వాసన మొదలైంది. నాలుగు వందలు పెట్టి తాగిన పుల్ల బీరు సరిగ్గా ఇట్లనే ఉండె.

నాలుగోది కూడా ప్లాన్ చేసుకున్న. సీసా కల్లు. కొని తెచ్చి పక్కన పెట్టి పోలుద్దాం అనుకున్న. మామ సీసా తేనియ్యలే.

ఇది చెప్పాల్నా వద్దా అని ఆయన్ను అడిగిన. చెప్పు అన్నడు, అందుకే చెప్తున్న. 2015 సెప్టెంబర్‌ల, నేను బీటెక్ ఫస్టియర్. కల్తీ కల్లు మీద దాడులు జరిగి మహబూబ్‌నగర్, నిజామాబాద్ వైపు సప్లై ఒక్కసారి ఆగింది. మామ అప్పటికి ఏండ్లసంది ఒక కాంపౌండ్‌ల రోజుకు మూడు సీసాలు తాగుతుండె. ఆగిన మూడో రోజు చేతులు వణికినయి. నాలుగో రోజు గోడ మీద పురుగులు పాకుతున్నయని చీపురు పట్టుకున్నడు. అదే రాత్రి ఫిట్స్ వచ్చినయి. ఆటోల ఆయన తలను ఒళ్లో పెట్టుకొని పట్టుకున్నది నేనే. కల్లు మానితే మనిషికి ఇట్లయితదా అని నాకు అర్థం కాలే. డాక్టర్ చెప్పిండు, ఈయన మానింది కల్లు కాదు, మందు అని.

క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం. మొదటిదాన్ని మా దిక్కు సీహెచ్ అంటరు. మూడూ నిద్రకో, ఆందోళనకో వాడే మందులు. నీళ్లల్ల శాక్రిన్, నురగ వచ్చేటిది ఏదో ఒకటి, చిటికెడు మందు కలిపితే సీసా తయారు. ఎందుకు కలుపుతరు? లెక్క చేస్తే తెలుస్తది. ఒక చెట్టు రోజుకు ఇచ్చేది కొన్ని లీటర్లు. ఒక కాంపౌండ్‌ల రోజంతా ఖాళీ అయ్యే క్రేట్లు లెక్కపెట్టి, చుట్టుపక్కల గీస్తున్న చెట్లు లెక్కపెట్టండి. 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లుతో మనుషులు చనిపోయిన వార్త మీరూ చూసే ఉంటరు.

టేస్టింగ్ చేసేటోడిగా నాకు మింగుడుపడని సంగతి ఏందంటే, అల్ప్రాజోలం నా నాలుకకు దొరకదు. అంత తక్కువ వేస్తే సరిపోతది. అరటిపండు వాసన పట్టిన ముక్కు ఇక్కడ పనికిరాదు. కాక చెప్పిన గుర్తు ఒక్కటే కొంత పనికొస్తది: నిజం కల్లు నీ కోసం ఆగదు, పొద్దున ఒక రుచి, పొద్దుమీకి ఒక రుచి. పొద్దంతా ఒకే తీపి ఉన్న సీసాను ముట్టకు అన్నడు. కానీ ఇది పరీక్ష కాదు, నిజం కల్లులో కూడా మందు కలపొచ్చు. తేల్చేది ల్యాబ్ మాత్రమే.

ఇంకొకటి. మీ ఇంట్ల రోజూ సీసా కల్లు తాగేవాళ్లుంటే, ఈ వీడియో చూపించి రేపటి నుంచి బంద్ అనకండి. ఈ మందులు ఒక్కసారి ఆపితే ఫిట్స్ వస్తయి, ప్రాణం కూడా పోవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిల డాక్టర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పి, మెల్లగ తగ్గించుకుంట రావాలె. మామకు తొమ్మిది నెలలు పట్టింది.

షూటింగ్ అయినంక జూరాల డ్యామ్ దగ్గరికి పోయి వేడివేడి చేపలు తిన్నం. ముంతల పదకొండింటి కల్లు కొంచెం తీసి పెట్టుకున్న గానీ అప్పటికి అది కూడా పులిసిపోయింది. మామ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసి, "ఇది అసలుది" అని నాకే తిరిగిచ్చిండు. తర్వాత నా ప్లేట్ల చేప తీసుకున్నడు.

వచ్చే ఎపిసోడ్ మళ్లీ హైదరాబాద్‌లనే, నెక్లెస్ రోడ్ నీరా కేఫ్ నుంచి. స్ట్రిప్పులు ఇంకా మిగిలినయి.