తీయడం వేరు, చూపించడం వేరు

ఆ ముందు వరుస లైట్లు కాస్త ఆపండి బాబూ, వెనక కూర్చున్నవాళ్లకి తెర కనబడాలి.

ఈ హాల్లో చాలామంది పిల్లలు విదేశాల్లో చదువుతున్నారనీ, మరికొందరు వెళ్లబోతున్నారనీ నిర్వాహకులు చెప్పారు. వీసా, ఫీజుల సంగతి చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. నేను ఫోటోగ్రఫీ పాఠాలు చెప్పేవాణ్ణి, కెమెరా సంగతే చెప్తాను.

మన పిల్లవాడు బెర్లిన్‌లోనో మాంట్రియల్‌లోనో దిగుతాడు. మొదటి ఆదివారం ఫోను పట్టుకుని ఊరు చూడ్డానికి బయల్దేరతాడు. మెట్ల మీద కూర్చున్న అమ్మాయి, అకార్డియన్ వాయిస్తున్న ముసలాయన, కుక్కని పక్కన పెట్టుకుని ఫుట్‌పాత్ మీద పడుకున్న మనిషి, ఎవరు కనబడితే వాళ్లని తీసేస్తాడు. సాయంత్రానికి అన్నీ ఇన్‌స్టాలో ఉంటాయి. వాడిని తప్పుపట్టి లాభం లేదు. మన తిరునాళ్లలో కెమెరా బయటికి తీస్తే పిల్లలు తోసుకుంటూ ముందుకొచ్చి నిలబడతారు. అడిగి తీసే అలవాటు మనకెప్పుడు పడింది గనక?

మాంట్రియల్‌లో సరిగ్గా అలాగే ఒక అమ్మాయి మెట్ల మీద కూర్చుంది. పదిహేడేళ్లది. ఒక ఫోటోగ్రాఫర్ తీశాడు, మంచి ఫోటోనే. 1988లో ఒక కళల పత్రిక దాన్ని నగర జీవితం మీద రాసిన వ్యాసానికి జతచేసి వేసింది. ఆ సంచిక అమ్ముడుపోయింది 722 కాపీలు. మన ఊరి సావనీరు కూడా అంతకంటే ఎక్కువే పోతుందేమో! అయినా అది తోటి పిల్లల కంటబడింది, వాళ్లు నవ్వారు. ఆ అమ్మాయి దావా వేసింది. పదేళ్ల తర్వాత, 1998లో, కెనడా సుప్రీంకోర్టు రెండు వేల డాలర్ల పరిహారాన్ని ఖాయం చేసింది. ఫోటోలో అసభ్యం ఏమీ లేదు, అవమానించాలన్న ఉద్దేశమూ లేదు. క్విబెక్ చట్టం కింద కోర్టు పట్టుకున్నది ఒక్కటే: గుర్తుపట్టేలా ఉన్న ముఖాన్ని, అడక్కుండా అచ్చువేశారు. పబ్లిక్ స్థలం కదా అన్న వాదన నిలవలేదు.

జర్మనీ కథ ఇంకా పాతది. 1898 జూలైలో బిస్మార్క్ చనిపోయిన రాత్రి ఇద్దరు ఫోటోగ్రాఫర్లు దొంగతనంగా ఆ గదిలోకి దూరి శవాన్ని ఫోటో తీశారు. దేశమంతా ఉక్కుమనిషి అని కొలిచిన మనిషి, నలిగిన పక్క మీద, దిండులో కూరుకుపోయి ఉన్నాడు. కుటుంబం కోర్టుకెక్కింది. చొరబడ్డారని శిక్ష వేయొచ్చు సరే, ఆ బొమ్మని ఏ హక్కు కింద ఆపాలి? ఆ చర్చ సాగి సాగి 1907లో చట్టమైంది, దాని ముఖ్యమైన సెక్షన్లు ఇప్పటికీ అమల్లో ఉన్నాయి. మనిషి బొమ్మని పంచాలన్నా, పదిమందికీ చూపించాలన్నా ఆ మనిషి ఒప్పుకోవాలి. ఊరేగింపులు, సభలు, ఏ కట్టడాన్నో తీస్తుంటే అంచున పడ్డ మనుషులు, వీటికి మినహాయింపులున్నాయి. ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు.

న్యూయార్క్ దీనికి పూర్తిగా ఎదురు. ఫిలిప్-లోర్కా డికోర్షియా అనే ఆయన టైమ్స్ స్క్వేర్‌లో తలపైన ఫ్లాష్ లైట్లు బిగించి, దూరం నుంచి దారినపోయేవాళ్ల ముఖాలు తీశాడు. అందులో ఒక యూదు పెద్దాయన తన మతాచారానికి విరుద్ధమని కేసు పెడితే, అది కళ అంటూ 2006లో కోర్టు కొట్టేసింది. చట్టప్రకారం సరే. నాకు మాత్రం ఆ తీర్పు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇప్పుడు తెర మీద ఉన్నది చూడండి. న్యూయార్క్ సబ్‌వే రైలు, 1938 నుంచి 41 మధ్య. తీసింది వాకర్ ఎవాన్స్. కెమెరాలో మెరిసే భాగాలకి నల్లరంగు పూశాడు. లెన్సు కోటు గుండీల మధ్య నుంచి తొంగిచూస్తుంటుంది, మీటే తీగ చొక్కా చేతిలోంచి అరచేతికి వస్తుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లకి ఏమీ తెలియదు. ఇంతకంటే దొంగచాటు పని ఉండదు. అయినా ఆ ముఖాలు చూడండి, ఎంత నిజంగా ఉన్నాయో! అయితే వాటిని పుస్తకంగా తెచ్చింది 1966లో, ఆఖరి ఫోటో తీసిన పాతికేళ్లకి. మన పిల్లవాడికి పాతిక సెకన్లు కూడా పట్టదు. ముఖంతోపాటు వీధి పేరు, టైము కూడా పెట్టేస్తాడు.

అందుకే నేను నా విద్యార్థులకి తీయడం గురించి తక్కువా, పెట్టడం గురించి ఎక్కువా చెప్తాను. పొడుగు లెన్సు ఇంట్లో వదిలేయమంటాను. దగ్గరికెళ్లి, కెమెరా చూపించి, తల ఊపితే తీయమంటాను. ఊపకపోతే థాంక్స్ చెప్పి కదలమంటాను. తీశాక తీసేయమని ఎవరైనా అంటే చట్టం గురించి వాదించకుండా వాళ్ల ఎదుటే డిలీట్ చేయాలి. అకార్డియన్ తాతకి ముందు టోపీలో చిల్లర వేసి, ఆ తర్వాత అడగాలి. ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్న మనిషిని మాత్రం అసలు తీయొద్దంటాను, ఎందుకంటే అతన్ని అడగడానికి వీల్లేదు. ఆటస్థలంలో పిల్లల ఫోటోలూ అంతే. అక్కడి తల్లిదండ్రులు పోలీసుల్ని పిలిస్తే, స్టూడెంట్ వీసా మీదున్న కుర్రాడికి అది చిన్న విషయం కాదు.

అలా అడిగితే సహజత్వం పోతుందని అబ్బాయిలు గొణుగుతారు. మొదటి ఫోటోలో పోతుంది, నిజమే. బిగుసుకుని నవ్వుతారు. ఒక నిమిషం కబుర్లు చెప్పి రెండోది తీయాలి. మీ ఊరెక్కడ అని వాళ్లే అడుగుతారు, చెప్పాలి కూడా.

ఇక మీ ప్రశ్నలు. ఆ మూల చెయ్యెత్తిన అమ్మగారు, ముందు మీరు అడగండి.