చెంబెడు నీరు

1908వ సంవత్సరమున మూసీనది పొంగి హైదరాబాదును ముంచెను. పిమ్మట వరదను అరికట్టుటకును, త్రాగునీటికిని 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము నిర్మింపబడెను. నగరము పెరిగినకొలది అవి చాలవయ్యెను. 2004 నుండి కృష్ణాజలము, 2015 నుండి గోదావరీజలము నూరు కిలోమీటర్లకు మించిన దూరమునుండి విద్యుద్యంత్రములచే ఎత్తిపోయబడి నగరమునకు వచ్చుచున్నవి. కావున నల్లా ఊరక కారినచో నీరేకాదు, విద్యుత్తును, దానికై కాల్చిన బొగ్గును వ్యర్థములగును. మఱి మనము వాడి విడిచిన నీరెచటికి పోవును? శుద్ధిగాక మిగిలిన మురుగు మూసీలో కలిసి, దిగువ పల్లెల పైరులకు పాఱుచున్నది. మన దొడ్డిలోని మాలిన్యము పొరుగువాని పంటలో చేరుట ధర్మమా? కారుచున్న నల్లాను నేడే బాగుచేయింపుడు. బియ్యము కడిగిన నీటిని చెట్లకు పోయుడు. చెంబెడు నీరు మిగిల్చినవాడు తెచ్చిన నదికిని, విడిచిన నదికిని మేలొనర్చినవాడగును.