రాక్షసిబల్లుల చిత్రములు: తెలిసినదెంత, ఊహించినదెంత?

మా గడ్డిఅన్నారపు పిల్లలు కంప్యూటరుతో కల్పించిన డైనోసారులను తెరపై చూచి, అవి అచ్చముగా అట్లే యుండెనని నమ్ముచున్నారు.

మన నగరమందే బిర్లా విజ్ఞానకేంద్రమున కోటసారస్ అస్థిపంజరము కలదు. యామన్‌పల్లి వద్ద ఎముకలు దొరకిన ఈ జంతువునకు 1988లో యాదగిరిగారు పేరు పెట్టిరి. కొన్ని పండ్లు తప్ప దాని తల దొరకలేదు. కనుక దాని ముఖము ఊహయే.

1999లో బి.బి.సి. వారి ‘వాకింగ్ విత్ డైనోసార్స్’ చిత్రమాలలో లియోప్లూరోడాన్ అను సముద్ర సరీసృపమును 25 మీటర్లుగా చూపిరి. శాస్త్రజ్ఞులు నేడు చెప్పు కొలతకు అది సుమారు మూడింతలు.

ఊహ లేనిదే ఎముకలు నడువవు. కాని ఊహను ఊహయని చెప్పవలెను. ఆ ఒక్క మాటతో వినోదము తరుగదు. అన్నియు తెలిసినవని నమ్మిన బాలుడు ఆ దొరకని తలను వెదకబోడు గదా!