పట్నంలో గది దొరికేదాకా, దొరికిన తర్వాత
(ఆదివాసీ దినోత్సవ యువజన సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



నన్ను మన సంస్కృతి గురించి మాట్లాడమన్నారు. నాకంటే బాగా చెప్పేవాళ్లు వేదిక మీదే ఉన్నారు కాబట్టి నేను కిరాయి గది గురించి మాట్లాడతాను. నవ్వకండి. మీలో సగం మంది డిగ్రీ కాగానే హైదరాబాద్ బస్సు ఎక్కేవాళ్లే. ఆ బస్సు దిగాక ఏం జరుగుతుందో ఎవరూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు.

నేను 2009లో ఉట్నూరు నుంచి బయలుదేరాను. ఒక బ్యాగు, సర్టిఫికెట్ల ఫైలు, మా అవ్వ కట్టిచ్చిన జొన్నరొట్టెలు. జీడిమెట్లలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని దొరికింది. దగ్గర్లో ఒక ఇంటికి టులెట్ బోర్డు ఉంటే తలుపు కొట్టాను. ఇంటాయన పేరు అడిగాడు, చెప్పాను. ఇంటిపేరు అడిగాడు, అదీ చెప్పాను. "మీరేమిటోళ్లు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే "మరాఠోళ్లా?" అని ఆయనే అన్నాడు. మన ఇంటిపేర్లు వింటే చాలామంది అలాగే అనుకుంటారు. అప్పటికి నాలుగు ఇళ్లు తిరిగి ఉన్నాను. తల ఊపాను. గది దొరికింది.

ఆరు నెలల తర్వాత మా అవ్వ పెద్దాసుపత్రిలో చూపించుకోవడానికి వచ్చింది. మెట్లెక్కుతూ గోండిలో ఏదో అడిగింది. కింద ఇంటాయన భార్య బియ్యం ఏరుతోంది. నేను మెల్లగా "అవ్వా, ఇక్కడ తెలుగులో మాట్లాడు" అన్నాను. ఆమెకు తెలుగు అంతంతే. ఉన్న రెండు రోజులూ దాదాపు ఏమీ మాట్లాడలేదు. ఊరికి పోయాక కూడా ఆ సంగతి ఎత్తలేదు. నేనే ఎత్తుతున్నాను, ఇన్నేళ్లకు.

మన దగ్గర కూడా ఇద్దరు కొత్తవాళ్లు కలిస్తే మొదట అడిగేది ఇంటిపేరే. నీది ఏ సగ, నాలుగు దేవుళ్లా, ఐదా, ఆరా, ఏడా అని అడుగుతాం. ఆ జవాబును బట్టి ఎదుటివాడు అన్నదమ్ముడో, వియ్యమందే వరసో తేలిపోతుంది. ఆ తర్వాత నీళ్లిస్తాం, కూర్చోబెడతాం. పట్నంలోనూ అదే ప్రశ్న అడుగుతారు. కానీ చాలాసార్లు తలుపు వేయడానికి అడుగుతారు. మనం లోపలికి పిలవడానికి అడిగే ప్రశ్న కదా, అందుకే మొదటిసారి విన్నప్పుడు మనకు అర్థం కాదు.

మరి ఏం చేయాలి? అబద్ధం చెప్పొద్దు అని మాత్రమే నేను చెప్పగలను. నీతి కోసం కాదు. అబద్ధం చెప్పి దిగిన గదిలో అమ్మానాన్నలను ఉంచుకోలేం. "మేం గోండులం, ఉట్నూరు వైపు" అని ముందే చెప్పేయండి. పది తలుపుల్లో ఆరు మూసుకోవచ్చు. మిగతా నాలుగింట్లో ఉండొచ్చు. ప్రతి ఇంటి ముందూ కొట్లాట పెట్టుకోమనను. కానీ నలుగురిలో కులం పేరెత్తి అవమానిస్తే అది 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. తేదీ, సమయం, అక్కడ ఎవరెవరున్నారు అన్నీ ఆ రోజే రాసిపెట్టుకోండి. 14566 అని జాతీయ హెల్ప్‌లైన్ ఉంది, దానికి చేయండి.

గది వెతకడానికి ముందు కొన్నాళ్లు మన సీనియర్ల దగ్గర ఉండండి. పది పన్నెండు రోజులు చాలు, నెల దాటొద్దు. వాళ్లదీ చిన్న గదే. బియ్యం మీవి మీరు కొనండి. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లు కోచింగ్‌కు వచ్చినవాళ్లకు బాగుంటాయి. ఉద్యోగం ఇంకో మూలన ఉంటే మాత్రం జీతంలో పెద్ద ముక్క బస్సులకే పోతుంది. పని దొరికిన చోటికి దగ్గర్లోనే గది చూసుకోండి. రాత్రి షిఫ్టు అయితే, ముఖ్యంగా ఆడపిల్లలు, ఆ గల్లీని రాత్రి పదింటికి ఒకసారి చూసి రండి. పగలు అన్ని గల్లీలూ బాగానే ఉంటాయి.

అడ్వాన్సు సాధారణంగా రెండు నెలల కిరాయి అడుగుతారు. చేతికివ్వకుండా ఫోన్‌లో పంపండి, రుజువు ఉంటుంది. ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఎంత పట్టుకుంటారో ముందే మాట్లాడుకోండి. కరెంటు సంగతి నేను రెండేళ్లకు గానీ తెలుసుకోలేదు. మీ గదికి వేరే మీటరు ఉందా, అందరికీ ఒకటేనా అడగండి. యూనిట్లు పెరిగే కొద్దీ రేటు కూడా పెరుగుతుంది. మీరు 80, పక్క గది 80 వాడితే ఎవరి మీటరు వాళ్లదైనప్పుడు ఇద్దరూ వంద లోపే ఉంటారు. ఒకే మీటరు మీద 160 అయి పై స్లాబులోకి పోతుంది. మీరు వాడింది అంతే, కట్టేది ఎక్కువ. రేషన్ బియ్యం ఊళ్లోనే తీసుకోవాలని లేదు. కార్డులో మీ పేరుంటే పట్నంలో ఏ రేషన్ షాపులోనైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. ఇంట్లోవాళ్లతో మాట్లాడుకుని తీసుకోండి, లేకపోతే ఊళ్లో కొట్లాట.

ఇక పని. ఉద్యోగం ఇప్పిస్తామని రిజిస్ట్రేషన్ డబ్బులు, యూనిఫాం డబ్బులు ముందే అడిగేవాడి దగ్గరి నుంచి లేచి వచ్చేయండి. నేను కట్టాను కాబట్టి చెబుతున్నాను. నెల తర్వాత ఆ ఆఫీసుకు తాళం. డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోవద్దు, ఫోన్‌లో పంపిన డబ్బైతే వెంటనే 1930కి చేయండి. గంటలు గడిచే కొద్దీ అది చేతులు మారిపోతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వొద్దు. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ బ్యాగులో పెట్టుకోండి. మన పిల్లవాడొకడి టెన్త్ మెమో ఒక ఏజెన్సీ దగ్గర చిక్కుకుంటే, దాన్ని విడిపించుకునేలోపు గురుకులంలో ఉద్యోగానికి దరఖాస్తు గడువు దాటిపోయింది. కుల ధ్రువీకరణ పత్రం బయలుదేరకముందే మీసేవలో తీసుకోండి. పట్నం నుంచి దానికోసం రావాలంటే రెండు రోజుల కూలి పోతుంది.

జీతం ఎంత అని అందరూ అడుగుతారు. చేతికి ఎంత, కోత ఎంత అని అడగండి. పీఎఫ్ కింద 12 శాతం పట్టుకుంటే అంతే కంపెనీ కూడా వేయాలి. జీతం 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ ఉంటే మీ నుంచి పోయేది 0.75 శాతమే. దానికి వైద్యం వస్తుంది, ఇంట్లోవాళ్లకు కూడా. కానీ కోత పడుతోంది, ఖాతాలో జమ కావడం లేదు అనే కాంట్రాక్టర్లు ఉన్నారు. మీ యూఏఎన్ నంబరు అడిగి తీసుకుని ఉమంగ్ యాప్‌లో ప్రతి నెలా చూసుకోండి. పని మారితే పాత నంబరే కొత్త చోట ఇవ్వండి. నేను మూడు చోట్ల మూడు ఖాతాలు తెరిపించుకుని, ఒకదానిలో డబ్బు కోసం ఏడాది తిరిగాను.

డెలివరీ పనికి చాలామంది పోతున్నారు. తప్పు లేదు. కానీ దానికి పీఎఫ్ లేదు, బండి మీదే, పెట్రోలు మీదే, పడితే దెబ్బ కూడా మీదే. బండి కిస్తీ పోను ఏం మిగులుతుందో కాగితం మీద లెక్క వేశాకే బండి తీసుకోండి. ఊళ్లో ఎద్దును కొనేటప్పుడు పళ్లు లెక్కపెట్టే మనం, షోరూంలో సంతకం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాం.

సెలవుల మాట పనిలో చేరే రోజే చెప్పండి. దీపావళికి కంపెనీ ఇచ్చేది ఒకటి, రెండు రోజులు. మన దండారీ దానితో అవదు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర అంటే సూపర్‌వైజర్‌కు తెలియదు. వారం ముందు అడిగితే సాకు అనుకుంటాడు. చేరేటప్పుడే తేదీలు చెప్పి, ఆదివారాలు పనిచేస్తానంటే చాలామంది ఒప్పుకుంటారు. మా వాడు ఒప్పుకున్నాడు. రెండో ఏడు జాతర ఫోటోలు చూపించమని తనే అడిగాడు.

పట్నంలో మనవాళ్లు ఉన్నారు. బంజారాహిల్స్‌లో 2022లో ప్రారంభమైన కుమురం భీం ఆదివాసీ భవన్‌లో సభలు జరుగుతుంటాయి. మొదటి ఏడాది ఒక్కసారైనా పోయి నలుగురి నంబర్లు తీసుకోండి. జ్వరం వచ్చిన రాత్రి ఆ నంబర్లే పనికొస్తాయి.

ఇప్పుడు నేనుండే ఇంటామెకు మేమెవరమో మొదటి రోజే తెలుసు. మా అవ్వ వచ్చినప్పుడు ఇద్దరూ మెట్ల మీద కూర్చుని, ఆమె తెలుగులో, ఈమె గోండిలో గంటలు గంటలు మాట్లాడుకుంటారు. ఏం అర్థమవుతుందో నాకైతే తెలియదు.

చివరగా ఒక మాట. రాత్రి బస్సు జేబీఎస్‌కు తెల్లవారుజామున నాలుగు, నాలుగున్నరకు చేరుతుంది. మెట్రో ఆరింటికి గానీ మొదలవదు. అప్పటిదాకా బస్టాండ్ లోపలే కూర్చోండి, ఆటోవాళ్లు ఏం చెప్పినా లేవొద్దు. దించుకోవడానికి ఎవరూ లేకపోతే సంఘం వాళ్ల దగ్గర నా నంబరుంది. ఆ టైముకు మా ఆవిడ తిట్టినా ఫోన్ ఎత్తుతాను.